పాత అంబాసిడర్ తలుపుల లోపలి అంచులకు ఏ పెయింటు వేయించాలి?

ప్రశ్న: మా నాన్నగారు 1972లో కొన్న మార్క్ 2 అంబాసిడర్ ఇప్పటికీ కాకినాడలో మా ఇంట్లోనే ఉంది. అసలు రంగు ఆఫ్‌వైట్. మధ్యలో రెండుసార్లు పైపైన రంగు వేయించాం. ఇప్పుడు టింకరింగ్ పూర్తయింది. బయటంతా పీయూ (పాలీయురెథేన్ పెయింటు) కొడదామని పెయింటర్ అన్నాడు. తలుపుల లోపలి అంచులకు, పిల్లర్లకు (తలుపుల పక్కన నిలువు స్తంభాలకు) మాత్రం "తలుపు వేస్తే కనిపించదు కదండీ, ఎనామిల్ బ్రష్‌తో లాగించేద్దాం, లేదంటే ఎన్‌సీ కొడతా, గంటలో ఆరిపోతుంది" అంటున్నాడు. తలుపులు ఊడదీయకుండా వేయిస్తే డబ్బు దండగని తెలిసినవాళ్లు అంటున్నారు. మా అబ్బాయి ఆలివ్ గ్రీన్ వేయిద్దామని పట్టుబడుతున్నాడు. లోపల ఏ పెయింటు వేయించాలి? తలుపులు తీయించాలా?

సమాధానం:

బయట ఏ పెయింటు వేస్తున్నారో లోపలి అంచులకూ అదే వేయించండి. అదే కంపెనీ, అదే రకం, ఒకే విడతలో కలిపిన రంగు. మీ బండికైతే టూకే (హార్డెనర్ కలిపి కొట్టే) పీయూలో సాలిడ్ రంగు, అంటే మెటాలిక్ కానిది, పైన వేరే క్లియర్ (రంగులేని మెరుపు పొర) అక్కర్లేకుండా నేరుగా మెరుపు వచ్చే రకం తీసుకోమంటాను. తలుపులు తీయనక్కర్లేదు. బీడింగులు, లాకులు, హ్యాండిళ్లు, పిల్లర్ మీద లాకు పట్టుకునే ముక్క మాత్రం తప్పకుండా విప్పించాలి. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే రేపు షెడ్డులో పెయింటర్‌తో మాట్లాడాల్సింది మీరే.

తలుపు వేస్తే లోపలి అంచు కనిపించదన్న మాట నిజమే. కానీ బండి మొత్తం మీద ఎక్కువ కష్టపడే పెయింటు అక్కడే ఉంటుంది. ఎక్కేటప్పుడు దిగేటప్పుడు చెప్పు తగిలేది ఆ కింది గడపకే. తలుపు పడిన ప్రతిసారీ రబ్బరు బీడింగు నొక్కేది ఆ అంచునే. వాన నీళ్లు గ్లాసు పక్కనుంచి తలుపు కడుపులోకి దిగి, అడుగు అంచు దగ్గర నిలుస్తాయి. సముద్రపు గాలి ఉన్న ఊళ్లో తుప్పు మొదలయ్యేది బానెట్ మీద కాదు, తలుపు అడుగు మడతలోనే. అంబాసిడర్‌కు విడిగా చాసిస్ లేదు, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఏకశరీరపు కట్టడం అది. గడప కింద ఉన్న బాక్సులూ, పిల్లర్లూ బండి బరువును మోసే భాగాలే. అక్కడ తుప్పు పట్టిందంటే చూడ్డానికి బాగోకపోవడంతో ఆగదు, తలుపులు కుంగడం మొదలవుతుంది. కాబట్టి బయటికి గట్టి పెయింటు, లోపలికి చవక పెయింటు అన్న లెక్కే తిరగబడి ఉంది.

ఎనామిల్ సంగతి చూద్దాం. బజార్లో గేట్లకూ కిటికీ ఊచలకూ వాడే సింథటిక్ ఎనామిల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. పైన ఆరినట్టు కనిపించినా లోపల చాలా రోజులు మెత్తగానే ఉంటుంది. దాని మీద రబ్బరు బీడింగు నొక్కుకుంటే అతుక్కుపోతుంది, తలుపు తీసినప్పుడు పెయింటు పొరతో సహా లేస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. తర్వాత బయట పీయూ కొట్టేటప్పుడు ఆ తుంపర అంచు దగ్గర ఎనామిల్ మీద పడకుండా ఎవరూ ఆపలేరు. పీయూలోని ఘాటైన థిన్నర్లు తగలగానే ఎనామిల్ ఉబ్బి, చర్మం ముడతలు పడ్డట్టు లేస్తుంది. అప్పుడు గీకి మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. బ్రష్ గీతల మాట సరేసరి.

ఎన్‌సీ, అంటే మన షెడ్లలో డ్యూకో అని పిలిచే నైట్రోసెల్యులోజ్ లాకర్, చిన్నచూపు చూడాల్సిన పెయింటు కాదు. 1920లలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ దాన్ని కార్లకు తెచ్చేదాకా, ఒక బండికి రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. జనరల్ మోటార్స్ వాళ్ల ఓక్‌లండ్ కార్లతో అది రోడ్డెక్కింది. బాగా రుద్ది పాలిష్ పెడితే దానికొచ్చే లోతైన మెరుపు వేరు. మీ బండి మొత్తానికి లోపలా బయటా ఎన్‌సీయే వేయిస్తానంటే, ఆ కాలపు తీరు నిలబెడుతున్నారని నేను అభ్యంతరం చెప్పను. బయట పీయూ, లోపల ఎన్‌సీ అంటే మాత్రం ఒప్పుకోను. ఎన్‌సీ ఆరేది థిన్నర్ ఎగిరిపోవడం వల్ల మాత్రమే. మళ్లీ థిన్నర్ తగిలితే మళ్లీ కరుగుతుంది. పీయూ హార్డెనర్‌తో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది, ఆ తర్వాత థిన్నర్‌కు లొంగదు. ఎన్‌సీ మీద పీయూ పడితే కింద పొర లేస్తుంది. పైగా పెట్రోలు చుక్క పడ్డా, చెప్పు గీసినా ఎన్‌సీ తట్టుకోలేదు. గడప మీద అది ఎంతకాలం నిలుస్తుందో ఆలోచించండి.

ఇక్కడ మీ బండి గురించి ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. మధ్యలో రెండుసార్లు వేయించిన పెయింటు ఏ రకమో మీకు గుర్తుండకపోవచ్చు. పిల్లర్ మీద కనిపించని మూల చూసుకుని, ఎన్‌సీ థిన్నర్‌లో తడిపిన తెల్ల గుడ్డతో కాసేపు రుద్దండి. రంగు గుడ్డకు ధారాళంగా అంటితే అది ఎన్‌సీ. పెయింటు మెత్తబడి ముడత పడితే ఎనామిల్. ఏమీ కాకపోతే గట్టిపడిన టూకే లేదా ఫ్యాక్టరీలో కాల్చిన పెయింటు. మొదటి రెండిట్లో ఏది బయటపడినా, అంచుల్లోని పాత పెయింటును రేకు దాకా తీయించి ఎపాక్సీ ప్రైమర్ వేయించడమే మేలు. ఎపాక్సీ రేకును గట్టిగా పట్టుకుంటుంది, తడిని అడ్డుకుంటుంది. మూల మూలల్లోంచి పాత పొర తీయడం కుదరని చోట ఒక పల్చని ఎపాక్సీ పొర అడ్డుగోడగా నిలుస్తుంది కానీ, మందంగా ఉన్న పాత ఎన్‌సీ మీద దాన్ని పూర్తిగా నమ్ముకోకండి.

క్లియర్ లేని సాలిడ్ పీయూ ఎందుకంటున్నానో చెప్పాలి. ఇప్పటి కార్లలాగా రంగునిచ్చే బేస్‌కోటు, దాని పైన క్లియర్‌కోటు వేయించుకోమని మీకు చాలామంది చెప్తారు. మెటాలిక్ రంగైతే అది తప్పదు. మెటాలిక్‌లో అల్యూమినియం రేణువులు ఎలా పడుకుంటాయన్న దాన్నిబట్టి రంగు ముదురుగానో లేతగానో కనిపిస్తుంది. ఇరుకు అంచుల్లో స్ప్రే గన్ దగ్గరగా పెట్టి తడిగా కొట్టేసరికి ఒకలాగా, బయట వెడల్పుగా కొట్టేసరికి ఇంకోలాగా వస్తుంది. సాలిడ్ రంగుకు ఆ బెడద లేదు. అదీకాక అంబాసిడర్ పిల్లర్ దగ్గర మడతలు, మూలలు, హింజ్ (తలుపు కీలు) గుంటలు ఎన్నో. అక్కడ బేస్ వేసి, అది ఆరాక మళ్లీ క్లియర్ అన్ని మూలలకూ సమానంగా పట్టించడం కష్టం. ఒకచోట కారుతుంది, ఇంకోచోట అందక పొడిగా గరుకుగా మిగులుతుంది. సాలిడ్ పీయూ అయితే పల్చగా ఒకటి, తడిగా ఒకటి, రెండు కోట్లతో పని అయిపోతుంది. రేపు గడప మీద గీత పడితే అదే డబ్బాలో మిగిలిన రంగుతో సర్దవచ్చు. ఆ కాలపు బండికి క్లియర్ తాలూకు గాజు మెరుపు కంటే ఈ మెరుపే నప్పుతుందని నా గట్టి నమ్మకం.

ఒకవేళ బయటికి బేస్, క్లియర్ అనే నిర్ణయించుకుంటే, లోపలి అంచులకూ ఆ రెండూ వేయించండి. లేదా అదే రంగు ఫార్ములాను సాలిడ్ పీయూలో కలిపించి లోపల కొట్టించండి. ఇది పద్ధతైన పనే. రంగు కలిసిపోతుందో లేదో చిన్న రేకు ముక్క మీద రెండూ కొట్టించి, పగటి వెలుగులో పక్కపక్కన పెట్టి చూశాకే ఒప్పుకోండి. బేస్‌కోటు వేసి క్లియర్ లేకుండా వదిలేస్తానంటే మాత్రం వద్దనండి. కాలి రాపిడి, తడి ఉండే చోట ఒట్టి బేస్ నిలవదు.

మీ అబ్బాయి కోరిక సంగతి. ఆలివ్ గ్రీన్ కుదరదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన ప్రకారం రక్షణ శాఖ వాహనాలకు తప్ప ఇంకెవరి బండికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదు. ముదురు ఆకుపచ్చో ఇంకో రంగో వేయిస్తామన్నా, ఆర్‌సీలో బండి రంగు రాసి ఉంటుంది కనుక, షెడ్డుకు బయానా ఇచ్చే ముందే రవాణా శాఖ ఆఫీసులో అడిగి, మార్పు రాయించుకునే దారి చూసుకోండి. ఇంకో సంగతి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత బళ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకునే వీలు 2021 నుంచి వచ్చింది. బండి అసలు రూపంలో ఉండాలన్నది అందులో షరతు. మీ బండికి ఆ వయసు వచ్చేసింది. అలా నమోదు చేయిస్తే బండి రోజూ తిరిగే బండిగా ఉండదు, ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించడం, మరమ్మతు లాంటి వాటికే రోడ్డెక్కాలి. అది మీకు సమ్మతమో కాదో ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి.

నన్నడిగితే ఆఫ్‌వైట్‌నే ఉంచమంటాను. రంగు మారిస్తే తలుపు అంచులు ఒక్కటే కాదు, డిక్కీ గుంట, బానెట్ కింద, డాష్‌బోర్డు అంచులు, బీడింగు కింద దాగిన ప్రతి మూలా మారాలి. ఎక్కడో ఒకచోట పాత తెలుపు తొంగిచూస్తూనే ఉంటుంది. అదే రంగు ఉంచితే ఆ గొడవ లేదు, పైగా మీ నాన్నగారు ఇంటికి తెచ్చిన బండి ఆ రంగుదే. ఆ అసలు తెలుపు ఏ ఛాయో మీ బండే చెప్తుంది. పిల్లర్ మీద లాకు ముక్క విప్పితే దాని వెనక, బీడింగు లాగితే దాని అడుగున ఎండ తగలని పెయింటు దొరుకుతుంది. పైన వేసిన పొరలు ఉంటే సన్నటి వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) గుండ్రంగా అరగదీయండి, ఒక్కో పొరా చుట్టలా బయటపడుతుంది. అట్టడుగున ప్రైమర్ మీద ఉన్నదే ఫ్యాక్టరీ రంగు. దాన్ని కొంచెం పాలిష్ పట్టి, ఆ చోటునే రంగు కలిపే షాపువాళ్లకు చూపించండి. బానెట్ మీది రంగును చూపిస్తే ఎండకు పసుపెక్కిన ఛాయ కలిపిస్తారు. లాకు ముక్క వెనక ఆ చిన్న అసలు చోటును మాత్రం కొత్త పెయింటు కింద పోనివ్వకండి. మీ తర్వాత ఆ బండి చూసుకునేవాళ్లకు అది ఆధారం.

రంగు కొనేటప్పుడు బయటికి ఎంత పడుతుందని పెయింటర్ చెప్తే, దానికి ఒక లీటరు కలిపి అంతా ఒకేసారి తీసుకోండి. డబ్బాలన్నీ ఒక పెద్ద శుభ్రమైన బకెట్‌లో పోసి కలిపి మళ్లీ డబ్బాల్లోకి నింపించండి. ఆఫ్‌వైట్‌లో ఒక చుక్క పసుపో నలుపో తేడా వచ్చినా తలుపు సందులో తెలిసిపోతుంది.

తలుపులు ఊడదీయడం గురించి. రేకు అంతా ఒలిచి కొత్తగా చేస్తున్నప్పుడు, లేదా రంగు పూర్తిగా మారుస్తున్నప్పుడు తీయడం మంచిదే, హింజ్ గుంటల్లోకి గన్ చక్కగా పోతుంది. మీ బండికి టింకరింగ్ అయిపోయింది, అంటే తలుపు సందులు ఇప్పటికే సరిచేసి ఉంటారు. అంబాసిడర్ తలుపు బరువైనది. విప్పి మళ్లీ బిగిస్తే ఆ సందులు అలాగే వస్తాయన్న నమ్మకం లేదు, సరిచేసేటప్పుడు కొత్త పెయింటు అంచులు లేచే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి బిగించి ఉంచే చేయించండి. హింజ్ దగ్గర తుప్పు ఉంటే మాత్రం ఈ సలహా చెల్లదు. అప్పుడు హింజ్ చుట్టూ గీతలు గీసి గుర్తులు పెట్టుకుని, తలుపు విప్పి, తుప్పు పని అయ్యాక ప్రైమర్ మీద ఉండగానే ఒకసారి బిగించి సందులు చూసుకుని, ఆ తర్వాతే రంగు.

రంగు కంటే ముందు చేసే పనే అంచుల్లో ముఖ్యం, అక్కడే షెడ్లలో తొందరపడతారు. యాభై ఏళ్ల గ్రీసు, తలుపులకు పూసిన నూనె, డాష్‌బోర్డు మెరుపుకోసం కొట్టిన సిలికాన్ స్ప్రే తాలూకు జిడ్డు ఆ మూలల్లోనే ఉంటుంది. దాన్ని తీయకుండా పేపర్ పడితే జిడ్డు గీతల్లోకి దిగుతుంది. రంగు కొట్టగానే ఆ చోట పెయింటు పక్కకు తప్పుకుని చిన్న చిన్న గుంటలు పడతాయి. ముందు సబ్బునీళ్లు, తర్వాత జిడ్డు తీసే ద్రావకం, దాన్ని ఒక గుడ్డతో పూసి ఇంకో పొడి గుడ్డతో తుడవడం, ఆ తర్వాతే పేపర్. చదునైన చోట 400 నంబరు, చివరికి 600. మడతల్లోకి పేపర్ పోదు, అక్కడ బూడిదరంగు స్క్రబ్ ప్యాడ్ పెట్టి రుద్దించండి. మెరుపు ఎక్కడా మిగలకూడదు. మిగిలిన చోట కొత్త పెయింటు పట్టు దొరక్క రేపు పొరలా లేస్తుంది.

తలుపు అడుగున నీళ్లు పోయే చిల్లులు ఉంటాయి. వాటిని లప్పంతో పూడ్చేసిన బళ్లు చాలా చూశాను. పుల్ల పెట్టి ప్రతి చిల్లూ తెరిచి ఉందో లేదో మీరే చూసుకోండి. రేకుల అతుకుల దగ్గర పాత సీలెంట్ పగిలిపోయి ఉంటే, రంగు పట్టే పీయూ సీలెంట్ ప్రైమర్ మీద వేయించండి. బాత్రూముల్లో వాడే సిలికాన్ వద్దు, దాని మీద ఏ పెయింటూ నిలవదు.

వరస ఇలా ఉండాలి. మొదట లోపలి అంచులు, పిల్లర్లు, గడపలు, తలుపు చుట్టూ మడత. దీనికి పెద్ద గన్ వద్దు. 1 మి.మీ. లోపు నాజిల్ ఉన్న చిన్న గన్‌తో, తక్కువ గాలి ఒత్తిడితో కొట్టాలి. పెద్ద గన్ గాలికి మూలల్లో దుమ్ము లేచి తడి పెయింటు మీద వాలుతుంది. రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు బయటి రేకు మీద పడిన తుంపరను పేపర్‌తో తీసి, అంచును ప్యాడ్‌తో గరుకు చేసి, తలుపు లోపలి నుంచి టేప్ కట్టి మూసి, అప్పుడు బయట. టేప్‌ను అంచు మీద బిగువుగా లాగి అతికిస్తే అక్కడ కత్తిగీతలాంటి గట్టు మిగులుతుంది, వేలికి తగులుతుంది, అక్కడినుంచే పెయింటు లేస్తుంది. టేప్‌ను వెనక్కి చుట్టినట్టు మడిచి పెట్టాలి, లేదా మెత్తటి ఫోమ్ టేప్ వాడాలి. అప్పుడు లోపలి పెయింటు, బయటి పెయింటు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. రెండూ ఒకే రకం కావాలన్నది ఇందుకే. చాసిస్ నంబరు పలక ఎక్కడున్నా దాని మీద చుక్క కూడా పడకుండా మూయించండి.

కాకినాడలో వాతావరణం పెద్ద సమస్య. పీయూ హార్డెనర్ గాలిలో తేమతో కూడా కలుస్తుంది. అలా కలిస్తే మెరుపు తగ్గుతుంది, సూదిమొన చిల్లులు పడతాయి. ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు అయ్యాక జనవరి, ఫిబ్రవరి మీకు అనువైనవి. మంచు పూర్తిగా ఆరాక మొదలుపెట్టి, పొద్దు వాలకముందే ముగించాలి. ఎండాకాలం తప్పకపోతే మెల్లగా ఆరే థిన్నర్ అడగండి. మామూలు థిన్నర్ అయితే ఆ వేడికి పెయింటు రేకును చేరేలోపే సగం ఆరిపోయి ఇసుకలా పడుతుంది. హార్డెనర్, థిన్నర్ పాళ్లు డబ్బా మీద రాసినట్టే కొలగ్లాసుతో కలపాలి, కంటితో చూసి పోయకూడదు.

ఇంకో మాట మీ పెయింటర్ కోసం. టూకే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బసం రావచ్చు. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే తర్వాత కొంచెం తగిలినా ఊపిరి ఆడదు. మొహానికి కట్టుకునే రుమాలు గానీ, దుమ్ము మాస్కు గానీ దాన్ని ఆపలేవు. బయటినుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు అన్నిటికన్నా మంచిది. అది లేకపోతే కనీసం ఆవిర్లను ఆపే కొత్త కార్ట్రిడ్జ్‌లున్న, మొహానికి బిగుతుగా పట్టే మాస్కు, చేతులకు గ్లోవ్స్, కళ్లజోడు ఉండాలి. తలుపు అంచులు కొట్టేటప్పుడు మనిషి తల బండిలోపలే ఉంటుంది, పొగ మొహం మీదికే తిరిగి వస్తుంది. ఆ మాస్కు కొనే స్తోమత షెడ్డుకు లేదంటే, మీరు పెడుతున్న ఖర్చులో అదెంత? మీరే కొనిచ్చి, పని మొదలయ్యాక ఒకసారి వెళ్లి చూడండి. ఇంటి పెరట్లో మాత్రం పీయూ కొట్టనివ్వకండి, పిల్లలు, పెద్దవాళ్లు ఉంటారు.

పని పూర్తయ్యాక కనీసం వారం రోజులు కొత్త బీడింగు బిగించకండి. చేతికి ఆరినట్టు అనిపించినా పీయూ పూర్తి గట్టిదనం అప్పటికి గానీ రాదు. ఆ వారం తలుపులు ఆనించి మాత్రమే ఉంచండి, గట్టిగా వేయకండి. బీడింగు అతికించే జిగురు ముందు ఒక మూల పూసి, రంగును కరిగించడం లేదని చూసుకున్నాకే అంతా పూయించండి. మొదటి నెలా రబ్బరు మీద కాస్త టాల్కమ్ పౌడర్ అద్దితే అతుక్కోకుండా ఉంటుంది. చివరగా తలుపు కడుపులోకి, గడప కింది బాక్సుల్లోకి తుప్పు పట్టనివ్వని మైనం కొట్టించండి. ఇది రంగుకు ముందు చేయిస్తే జిడ్డు అంచులకు పాకి పెయింటు చెడుతుంది కాబట్టి, అన్నీ అయ్యాకే. కొట్టించిన మర్నాడు ఆ నీటి చిల్లుల్లో మళ్లీ ఒకసారి పుల్ల పెట్టి చూడండి, మైనం అడ్డుపడి ఉంటుంది.